టానిక్కు కాదు... టెస్టు!

హెపటైటిస్ వైరస్ తిష్ఠ వేసిన కాలేయం లోలోపల ఎలా పాడవుతుందో శాస్త్రవేత్తలు చాలావరకు విడమరిచి చెప్పారు. 'యాంటీఆక్సిడెంట్' అని రాసున్న సీసా ఆ నష్టాన్ని ఆపుతుందని మాత్రం వాళ్లెవరూ చెప్పలేదు!

మందుల షాపుకెళ్లి 'లివర్‌కి ఏదైనా మంచిది ఇవ్వండి' అని అడిగి చూడండి. ఏం జబ్బు, ఎన్నాళ్ల నుంచి, పరీక్షలేమైనా చేయించారా... ఇవేవీ అడక్కుండానే రెండు మూడు సీసాలు కౌంటర్ మీదికొస్తాయి. పండక్కి నాలుగు పెగ్గులు ఎక్కువైనవాళ్లు, ఎల్‌ఎఫ్‌టీ రిపోర్టులో ఎస్‌జీపీటీ అంకె ఎక్కువుందని కంగారుపడేవాళ్లు, పచ్చకామెర్లు తగ్గి ఇంకా నీరసం వదలనివాళ్లు... అందరికీ అదే మందు. కాలేయంలోని విషాలను కడిగేస్తుందనీ, ఫ్రీ రాడికల్స్‌ను తరిమేస్తుందనీ నమ్మకం.

ఆ సీసా కొన్నవాళ్లలో కొందరి కాలేయంలో హెపటైటిస్-బి వైరస్సో, సి వైరస్సో ఏళ్లుగా కాపురం ఉండి ఉండొచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో విడుదల చేసిన నివేదిక ప్రకారం 2022 నాటికి ప్రపంచంలో 25.4 కోట్ల మందికి బి, 5 కోట్ల మందికి సి ఉన్నాయి. మనదేశం వాటా చిన్నదేం కాదు. బి ఉన్నవాళ్లు 2.98 కోట్లు, సి ఉన్నవాళ్లు 55 లక్షలు. ప్రపంచం మొత్తమ్మీద వైరల్ హెపటైటిస్ ఏటా 13 లక్షల ప్రాణాలు తీస్తోంది. అన్నిటికన్నా గుండె గుభేలుమనిపించే అంకె ఇంకోటుంది. ప్రపంచవ్యాప్తంగా బి ఉన్నవాళ్లలో పరీక్షలో ఆ సంగతి బయటపడింది 13 శాతానికే. మిగతావాళ్లు ఏ నొప్పీ లేకుండా, ఏ అనుమానమూ రాకుండా మామూలుగా తిరిగేస్తున్నారు. ఆ నిశ్శబ్దంలోనే కాలేయం ఎలా కరిగిపోతుందో తెలిస్తే, సీసా మీది మాటకు విలువెంతో కూడా తెలుస్తుంది.

ఊపిరితోపాటే వచ్చే చిక్కు

మనం పీల్చిన ఆక్సిజన్ కణాల్లోని మైటోకాండ్రియాకు చేరి, తిన్న తిండి నుంచి శక్తిని తీయడానికి పనికొస్తుంది. ఈ పనిలో కొన్ని ఎలక్ట్రాన్లు దారి తప్పి ఆక్సిజన్‌కు అంటుకుంటాయి. అలా పుట్టేదే సూపరాక్సైడ్. దాన్నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ వస్తుంది. దానికి ఇనుము తగిలిందా, హైడ్రాక్సిల్ రాడికల్ తయారవుతుంది. అది క్షణం కూడా నిలవదు. పుట్టిన చోటే పక్కనున్న కొవ్వునో, ప్రొటీన్‌నో, డీఎన్ఏనో పట్టుకుని ఎలక్ట్రాన్ లాగేసుకుంటుంది. నెలల తరబడి మూలన పడి ఉన్న నూనె తేడా వాసన కొడుతుంది కదా, కణం చుట్టూ ఉండే కొవ్వు పొరకు జరిగేదీ ఆ రసాయన చర్యే. నూనె ఎంత పాడైందో తేల్చడానికి ఆహార ప్రయోగశాలల్లో కొలిచే మాలాన్‌డైఆల్డిహైడ్‌నే పరిశోధకులు హెపటైటిస్ రోగుల రక్తంలోనూ కొలుస్తారు.

దీన్ని అదుపు చేసే ఏర్పాట్లు శరీరంలోనే ఉన్నాయి. సూపరాక్సైడ్ పని పట్టే ఎంజైమ్‌ను (సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్) మెకార్డ్, ఫ్రిడోవిచ్ అనే అమెరికా శాస్త్రవేత్తలు 1969లో కనిపెట్టారు. పెరాక్సైడ్‌ను నీరుగా మార్చేందుకు కెటలేజ్, గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ ఉన్నాయి. అసలు పెట్టుబడి గ్లూటాథయోన్. మూడే మూడు అమైనో ఆమ్లాలు కలిసిన ఈ చిన్న పదార్థం శరీరంలో మరెక్కడా లేనంత దండిగా కాలేయ కణాల్లో ఉంటుంది. మందులు, మద్యం, బూజు విషాలు అన్నీ ముందుగా వచ్చిపడేది కాలేయంలోనే కాబట్టి ఆ నిల్వ అక్కడ అవసరం.

ఈ ఎంజైములన్నిటికీ కలిపి ఒక మీట కూడా ఉంది. ఎన్ఆర్ఎఫ్2 అనే ప్రొటీన్‌ను మామూలు రోజుల్లో కీప్1 అనే మరో ప్రొటీన్ పట్టుకుని ఉంచుతుంది, అక్కడే ముక్కలైపోయేలా చూస్తుంది. ఆక్సీకరణ పెరిగితే కీప్1 పట్టు సడలుతుంది. ఎన్ఆర్ఎఫ్2 కణ కేంద్రకంలోకి వెళ్లి రక్షణకు కావాల్సిన జన్యువులను ఒకేసారి పనిలో పెడుతుంది. పుట్టే ఆక్సిడెంట్లు ఒకవైపు, అదుపు చేసేవి మరోవైపు. ఈ తూకం చెడటాన్నే జర్మన్ శాస్త్రవేత్త హెల్ముట్ సీస్ 1985లో 'ఆక్సిడేటివ్ స్ట్రెస్' అన్నారు.

ఇక్కడొక మెలిక గుర్తుంచుకోవాలి. ఆక్సిడెంట్లన్నీ శత్రువులు కావు. క్రిములను చంపడానికి తెల్లరక్త కణాలు వాడేది వాటినే. అందుకే మొత్తంగా తుడిచిపెట్టేస్తే మేలు జరుగుతుందనుకోవడం తొందరపాటు.

వైరస్ చేతివాటం

సి వైరస్ దగ్గర పది ప్రొటీన్లకు మించి లేవు. అయినా కణాన్ని అతలాకుతలం చేయడానికి అవే చాలు. దాని పైతొడుగు కింద ఉండే 'కోర్' ప్రొటీన్ మైటోకాండ్రియా గోడకు అతుక్కుంటుంది. దాంతో క్యాల్షియం లోపలికి ఎక్కువగా చొరబడుతుంది. ఎలక్ట్రాన్లు సాఫీగా సాగాల్సిన దారిలో లీకులు మొదలవుతాయి. ఆ కోర్ ప్రొటీన్ ఒక్కటే మైటోకాండ్రియాను గాయపరచగలదని 2002లో అమెరికా పరిశోధకులు చూపించారు. ఎన్ఎస్5ఏ అనే ఇంకో ప్రొటీన్ కణంలోని క్యాల్షియం నిల్వలను కదిలించి ఆక్సిడెంట్లను పెంచుతుంది, వాపును రగిలించే జన్యువులను నిద్ర లేపుతుంది.

బి వైరస్ దారి వేరు. దాని 'ఎక్స్' ప్రొటీన్ కూడా మైటోకాండ్రియాతో చెలగాటమాడుతుంది కానీ, ఆ వైరస్ తనంతట తానుగా కణాన్ని చంపేది తక్కువ. చంపేది మన రోగనిరోధక వ్యవస్థే. వైరస్ దాక్కున్న కణాలను లింఫోసైట్లు వెతికి మరీ నాశనం చేస్తాయి. కాలేయంలో కాపలా ఉండే కుఫర్ కణాలు ఆక్సిడెంట్లను వెదజల్లుతాయి. నాలుగు రోజుల్లో తేలిపోయే జబ్బయితే ఇది మంచిదే. వైరస్ పోక, పోరూ ఆగక ఇరవై, ముప్ఫై ఏళ్లు సాగితే మాత్రం గ్లూటాథయోన్ ఖర్చు రాబడిని మించిపోతుంది. దీర్ఘకాలిక రోగుల్లో ఆ నిల్వ తగ్గడం, పాడైన కొవ్వుల గుర్తులు పెరగడం చాలా అధ్యయనాల్లో కనిపించింది.

రిపోర్టులో మనం చూసే ఎస్‌జీపీటీ అంకె ఈ పోరులో చితికిన కణాల నుంచి రక్తంలోకి కారిన ఎంజైమ్ లెక్క. అది మామూలుగా ఉందంటే ఈ రోజు కారింది తక్కువని అర్థం, అంతే. వైరస్ లేదని కాదు. బి ఉన్నవాళ్లలో ఆ అంకె ఏళ్ల తరబడి సవ్యంగానే ఉండొచ్చు.

ఇనుము పోసే ఆజ్యం

ఒంట్లో ఇనుము ఎంత చేరాలో నిర్ణయించే హార్మోన్ హెప్సిడిన్. దాన్ని తయారుచేసేది కాలేయమే. సి వైరస్ వల్ల పెరిగిన ఆక్సిడెంట్లు ఆ తయారీని తగ్గిస్తాయి. హెప్సిడిన్ తగ్గితే పేగులు ఇనుమును ఎక్కువగా పీల్చుకుంటాయి. అది కాలేయంలో పేరుకుంటుంది. పెరాక్సైడ్‌ను హైడ్రాక్సిల్ రాడికల్‌గా మార్చేది ఆ ఇనుమే కాబట్టి నష్టం రెట్టింపవుతుంది.

1990ల్లో జపాన్ వైద్యులు దీనికి నాటువైద్యంలా అనిపించే మార్గం పట్టారు. సి రోగుల నుంచి అప్పుడప్పుడూ కొంత రక్తం తీసేశారు! ఇనుము తగ్గింది, ఎస్‌జీపీటీ దిగింది. కాలేయ కణాల డీఎన్ఏ మీద ఆక్సీకరణ దెబ్బల గుర్తులు కూడా తగ్గాయని తర్వాత తేలింది. మంచి మందులు వచ్చాక ఆ అవసరం తీరిపోయింది. కానీ అది నేర్పిన పాఠం ఇప్పటికీ పనికొస్తుంది. రక్తహీనత ఉందని పరీక్షలో తేలకుండా 'రక్తం పట్టడానికి' ఐరన్ టానిక్ తాగడం హెపటైటిస్ ఉన్నవాళ్లకు తగదు.

మచ్చ... ఆపై గడ్డ

పాడైన కొవ్వుల నుంచి పుట్టే ఆల్డిహైడ్లు పక్కనే ఉన్న స్టెల్లేట్ కణాలను తాకుతాయి. మామూలుగా అవి విటమిన్-ఎను దాచుకుని ఊరికే ఉండే కణాలు. రెచ్చిపోయాయంటే కొలాజెన్ పీచును అల్లడం మొదలుపెడతాయి. కిలోన్నర బరువున్న మెత్తటి కాలేయం ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడుతుంది. అదే ఫైబ్రోసిస్, ముదిరితే సిర్రోసిస్.

ఈ గట్టిదనాన్ని కొలవడానికి ఇప్పుడు సూదితో ముక్క తీయాల్సిన పని చాలామందికి లేదు. కడుపు ఖాళీగా వచ్చిన మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, కుడిచెయ్యి తలకిందికి పెట్టమంటారు. పక్కటెముకల సందున జెల్ రాసి, ఫైబ్రోస్కాన్ ప్రోబ్ ఆనిస్తారు. వేలితో చిన్నగా కొట్టినట్టు ఒక తాకిడి. ఆ తరంగం కాలేయంలో ఎంత వేగంగా పరిగెత్తిందో యంత్రం చూస్తుంది. గట్టి కాలేయంలో వేగం ఎక్కువ. పదిసార్లు కొట్టి మధ్య అంకె చెబుతుంది. పది నిమిషాల పని, నొప్పి ఉండదు.

ఆక్సిడెంట్ల ఇంకో దెబ్బ డీఎన్ఏ మీద. గ్వానిన్ అనే అక్షరం ఆక్సీకరణకు లోనైతే, కణం విడిపోయేటప్పుడు దాని ఎదుట తప్పు అక్షరం చేరే ప్రమాదముంది. చితికిన కణాల స్థానంలో కొత్తవి పుట్టే కాలేయంలో ఇలాంటి తప్పులు పోగుపడి, చివరికి క్యాన్సర్‌కు దారి తీయొచ్చు.

దీనికి మన వంటింటితోనూ సంబంధం ఉంది. తేమ తగిలి బూజు పట్టిన వేరుశనగ, మొక్కజొన్నల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉంటుంది. కాలేయం దాన్ని గ్లూటాథయోన్‌తో కలిపి బయటకు పంపాలి. వైరస్ వల్ల ఆ నిల్వ తగ్గిన చోట విషం డీఎన్ఏకు అంటుకునే అవకాశం పెరుగుతుంది. షాంఘైలో జరిగి 1994లో వెలువడిన అధ్యయనంలో అఫ్లాటాక్సిన్ ఒక్కటే ఉన్నవాళ్లకు కాలేయ క్యాన్సర్ ముప్పు మూడు రెట్లకు పైగా, బి వైరస్ ఒక్కటే ఉంటే ఏడు రెట్లు కనిపించింది. రెండూ ఉంటే దాదాపు 60 రెట్లు! అనంతపురం లాంటి చోట్ల కోతకు ముందు వాన మొహం చాటేసినా, నూర్చాక కాయ సరిగా ఎండకపోయినా ఈ బూజు భయం ఉంటుంది. దాన్ని చవగ్గా పట్టుకునే పరీక్ష కిట్లను పటాన్‌చెరులోని ఇక్రిశాట్ తయారుచేసింది. ఇంట్లో మనం చేయగలిగింది తేలిక. రంగు మారిన, ముడుచుకుపోయిన, చేదెక్కిన పల్లీలను ఏరి పారేయడమే. వేయిస్తే ఆ విషం పూర్తిగా పోదు.

మరి క్యాప్సూల్ వేస్తే?

తూకం చెడింది కాబట్టి యాంటీఆక్సిడెంట్ బయటి నుంచి ఇస్తే సరి... ఇది ఎవరికైనా తట్టే ఆలోచనే. పరిశోధకులకూ తట్టింది. మనుషుల మీద పరీక్షించారు.

లివర్ టానిక్కుల్లో పేరున్నది సిలిమారిన్. మిల్క్ థిజిల్ అనే ముళ్ల మొక్క గింజల సారం. అప్పట్లో వాడిన ఇంటర్‌ఫెరాన్ సూదులతో నయంకాని 154 మంది సి రోగులకు అమెరికాలో దీన్ని మామూలు మోతాదుకు కొన్ని రెట్లు ఎక్కువగా 24 వారాలు ఇచ్చారు. 2012లో ఫలితాలు వచ్చాయి. ఎస్‌జీపీటీ తగ్గడంలో సిలిమారిన్‌కూ ఉత్తుత్తి మాత్రకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. మైటోకాండ్రియాలోకే నేరుగా చేరేలా మలచిన మైటోక్యూ అనే యాంటీఆక్సిడెంట్‌ను న్యూజిలాండ్ వైద్యుల బృందం పరీక్షించింది. ఎస్‌జీపీటీ కొంత దిగింది కానీ వైరస్ సంఖ్య మారలేదు. అంటే వాపు కాస్త చల్లారింది, రాజేసేవాడు మాత్రం లోపలే ఉన్నాడు.

2014లో నార్త్ కరోలినా శాస్త్రవేత్తలు ఇంకా విచిత్రమైన సంగతి బయటపెట్టారు. చాలా రకాల సి వైరస్‌లకు కొవ్వుల ఆక్సీకరణ గిట్టదట. అది పెరిగితే వైరస్ తన ప్రతులను తయారు చేసుకోలేక మందగిస్తుంది. ప్రయోగశాలలోని కణాలకు విటమిన్-ఇ ఇస్తే ఆ అడ్డు తొలగి వైరస్ మరింత పెరిగింది! అది గాజు పాత్రలో సంగతే, మనిషిలో అలాగే జరుగుతుందని కాదు. కానీ 'ఆక్సీకరణ చెడ్డది, యాంటీఆక్సిడెంట్ మంచిది' అనే తేలిక లెక్కకు అక్కడ చెల్లు.

విటమిన్-ఇ పూర్తిగా దండగ అనీ అనలేం. మధుమేహం లేని ఫ్యాటీ లివర్ రోగుల మీద జరిగిన 2010 నాటి పరీక్షలో 43 శాతం మందికి గుణం కనిపించింది. ఉత్తుత్తి మాత్రతో 19 శాతానికే. కానీ అది వైరస్ జబ్బు కాదు, పైగా డాక్టర్ కనుసన్నల్లో జరిగిన చికిత్స. 35 వేలకు పైగా పురుషుల మీద జరిగిన మరో పరీక్షలో విటమిన్-ఇ మాత్రలు వాడినవాళ్లకు ప్రొస్టేట్ క్యాన్సర్ ముప్పు 17 శాతం పెరిగింది. కాలేయానికి కచ్చితంగా పనికొచ్చే యాంటీఆక్సిడెంట్ మందు ఒకటుంది. పారాసిటమాల్ మోతాదు మించి మింగినవాళ్లకు ఇచ్చే ఎన్-ఎసిటైల్‌సిస్టీన్. ఖాళీ అయిన గ్లూటాథయోన్‌ను అది తిరిగి నింపుతుంది. ఫలానా నష్టానికి ఫలానా మందు అని తేలినప్పుడు వైద్యం ఇలా ఉంటుంది. అందరికీ ఒకటే సీసా అన్నట్టు ఉండదు.

నేల ఉసిరి నిజానిజాలు

కామెర్లనగానే మన ఊళ్లలో గుర్తొచ్చేది పసరు మందు. అందులో ముఖ్యమైన మొక్క నేల ఉసిరి. దీన్ని శాస్త్రం చిన్నచూపేమీ చూడలేదు. 1988లో మద్రాసు పరిశోధకులు బి వైరస్ ఉన్నవాళ్లకు నేల ఉసిరి పొడిని 30 రోజులు ఇచ్చి చూశారు. మందు తీసుకున్న 37 మందిలో 22 మంది రక్తంలో బి వైరస్ జాడ మాయమైందనీ, ఉత్తుత్తి మందు వాడిన 23 మందిలో ఒక్కరికే అలా జరిగిందనీ 'లాన్సెట్'లో ప్రచురించారు. ఆ వ్యాస రచయితల్లో బి వైరస్‌ను కనిపెట్టి 1976లో నోబెల్ అందుకున్న బరూక్ బ్లంబర్గ్ కూడా ఉన్నారు! ప్రపంచమంతా ఆశగా చూసింది. ఇతర చోట్ల మళ్లీ చేసిన పరీక్షల్లో మాత్రం ఆ ఫలితం రాలేదు. తర్వాత వాటన్నిటినీ కలిపి చూసిన సమీక్షలకూ గట్టి ఆధారం దొరకలేదు.

మరి పసరుతో తగ్గినవాళ్ల మాటేంటి? కలుషిత నీటితో వచ్చే ఎ, ఇ రకాల కామెర్లు చాలామందిలో కొద్ది వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. పేరు పసరుకొస్తుంది. దీర్ఘకాలంగా తిష్ఠ వేసిన బి, సి అలా పోయే రకం కాదు, అసలు చాలాసార్లు కామెర్లే రావు.

ఆకు కదా, ఏమవుతుందిలే అనుకోవడానికీ లేదు. కుదురుగా ఉన్న కాలేయ జబ్బు ఉన్నట్టుండి విషమించిన 3,132 మంది ఆసియా రోగులను పరిశీలిస్తే, 329 మందికి మందులే కారణమని 2019లో తేలింది. వాళ్లలో 70 శాతానికి పైగా వాడింది మూలికలూ, సంప్రదాయ మందులే. గాఢమైన గ్రీన్ టీ సారం క్యాప్సూళ్లు కాలేయాన్ని దెబ్బతీసిన ఉదంతాలూ నమోదయ్యాయి. కొవిడ్ రోజుల్లో తిప్పతీగ వాడినవాళ్లలో అలాంటి కేసులను ముంబయి వైద్యులు 2021లో వెల్లడించారు. ఆయుష్ శాఖ ఆ వాదనతో విభేదించింది. ఏదేమైనా, ముందే దెబ్బతిన్న కాలేయం మీద ప్రయోగాలు వద్దనడంలో తగవు లేదు.

రాజేసేవాణ్ని బయటికి పంపితే...

సి వైరస్‌ను 1989లో గుర్తించారు. ఆ వైరస్ గుట్టు విప్పినందుకు హార్వే ఆల్టర్, మైకేల్ హౌటన్, చార్లెస్ రైస్‌లకు 2020లో నోబెల్ వచ్చింది. ఒకప్పుడు దీనికి నెలల తరబడి ఇంటర్‌ఫెరాన్ సూదులు. జ్వరం, దిగులు భరించినా దాదాపు సగం మందికే నయమయ్యేది. 2013 చివర్లో సోఫోస్‌బువిర్ వచ్చి కథ మార్చేసింది. కాకపోతే అమెరికాలో 12 వారాల కోర్సు 84 వేల డాలర్లు! మరుసటి ఏడాది నుంచి మనదేశ కంపెనీలకు తయారీ అనుమతులు రావడంతో హైదరాబాద్‌కు చెందిన హెటెరో, నాట్కో లాంటివి రంగంలోకి దిగి ధరను నేలకు దించాయి. 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఇప్పుడు ప్రభుత్వ చికిత్స కేంద్రాల్లో పరీక్షలు, మందులు ఉచితం. రోజూ మాత్రలు, ఎక్కువమందికి 12 వారాలు. నూటికి 95 మందికి వైరస్ పూర్తిగా పోతుంది.

వైరస్ పోయాక జరిగేది చూడండి. వాపు చల్లారుతుంది, ఆక్సీకరణ గుర్తులు తగ్గుతాయి, కాలేయ క్యాన్సర్ ముప్పు దాదాపు 70 శాతం పడిపోతుంది. ఏ టానిక్కూ తేలేని తూకాన్ని కాలేయం తనే సరిచేసుకుంటుంది.

బి వైరస్ అంత తేలిగ్గా వదలదు. దాని డీఎన్ఏ కణ కేంద్రకంలో ఒక ఉంగరంలా చుట్టుకుని దాక్కుంటుంది. టెనోఫోవిర్, ఎంటెకావిర్ మాత్రలు దాన్ని పెకలించలేవు కానీ అణిచి ఉంచగలవు. ఆ మేలూ తక్కువేం కాదు. టెనోఫోవిర్ అయిదేళ్లు వాడినవాళ్ల కాలేయం ముక్కలను పరీక్షించి 2013లో ఫలితాలు ప్రచురించారు. మొదట్లో సిర్రోసిస్ ఉన్న 96 మందిలో 71 మందికి అది సిర్రోసిస్ స్థాయి నుంచి వెనక్కి తగ్గింది. ఒకసారి పడిన మచ్చ పోదన్న పాత మాట అక్కడ వీగిపోయింది.

బి రాకుండా టీకా ఉంది. విదేశాల నుంచి తెచ్చిన టీకా సామాన్యుడికి అందనంత ఖరీదున్న రోజుల్లో, కె.ఐ.వరప్రసాద్ రెడ్డి స్థాపించిన హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ 1997లో దేశంలోనే తొలి రీకాంబినెంట్ బి టీకాను తీసుకొచ్చింది. పుట్టినప్పుడు సోకితే నూటికి 90 మంది శిశువుల్లో బి దీర్ఘకాలం ఉండిపోతుంది, పెద్దయ్యాక సోకితే అయిదుగురిలోపే. అందుకే బిడ్డ పుట్టిన 24 గంటల్లో పడే తొలి డోసు అంత ముఖ్యం.

'అన్‌ఫిట్' అన్న రోజున

గల్ఫ్ బాట పట్టే కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమ యువకుల్లో కొందరికి తమలో వైరస్ ఉందని తెలిసేది వీసా మెడికల్‌లోనే. బి, సి పరీక్షలు అందులో తప్పనిసరి. 'అన్‌ఫిట్' అన్న మాట పడగానే అప్పు చేసి కట్టిన డబ్బు, ఆగిపోయిన ప్రయాణమే కళ్లముందు కదులుతాయి. 'పాజిటివ్‌ను నెగెటివ్ చేస్తాం' అనే ప్రకటనలకు చిక్కేది అప్పుడే. నిజానికి ఆ కాగితం వాళ్లకు చాలా ఏళ్లు ముందుగా అందిన హెచ్చరిక. దాన్ని పట్టుకుని వెళ్లాల్సింది ప్రభుత్వ చికిత్స కేంద్రానికి. సి అయితే మూణ్నెల్లలో వదిలించుకోవచ్చు. బి అయితే మాత్రలు ఇప్పుడే మొదలుపెట్టాలో, ఆరు నెలలకోసారి చూసుకుంటే చాలో డాక్టర్ చెబుతారు.

ఎవరికి, ఏ పరీక్ష?

* బికి హెచ్‌బీఎస్ఏజీ, సికి యాంటీ హెచ్‌సీవీ. ముందుగా ఇవి రెండు చాలు. సి పాజిటివ్ వస్తే ఇప్పుడు వైరస్ ఉందో లేదో ఆర్‌ఎన్‌ఏ పరీక్ష తేలుస్తుంది.

* గర్భిణులు, డయాలసిస్ రోగులు, పాతికేళ్ల కిందట రక్తం ఎక్కించుకున్నవాళ్లు, ఒకే సూదిని పలువురికి వాడిన చోట ఇంజెక్షన్లు చేయించుకున్నవాళ్లు, పచ్చబొట్టు పొడిపించుకున్నవాళ్లు, ఆసుపత్రి సిబ్బంది, ఇంట్లో ఒకరికి బి ఉన్నవాళ్లు తప్పక చేయించుకోవాలి.

* వైరస్ ఉంటే మద్యం పూర్తిగా మానాలి. అది గ్లూటాథయోన్‌ను రెండో వైపు నుంచి ఖాళీ చేస్తుంది. జలుబు మాత్రల్లోనూ పారాసిటమాల్ ఉంటుంది, అన్నీ కలిపి లెక్క చూసుకోవాలి.

* ఉసిరికాయ, ఆకుకూరలు, పండ్లు తిండిగా నిక్షేపంగా తినొచ్చు. రోజుకు రెండు మూడు కప్పుల కాఫీ తాగేవాళ్లలో సిర్రోసిస్ తక్కువని చాలా అధ్యయనాలు గమనించాయి. అయితే అవేవీ వైరస్‌కు మందు కావు.

* సిర్రోసిస్ దాకా వెళ్లినవాళ్లు వైరస్ పోయినా ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ మానకూడదు.

* బి, సి కలిసి తింటే, పక్కన కూర్చుంటే, చెయ్యి కలిపితే అంటవు. రేజర్లు, టూత్‌బ్రష్‌లు మాత్రం పంచుకోవద్దు. ఇంట్లో ఒకరికి బి ఉందని తేలితే వాళ్ల కంచం వేరు పెట్టడం కాదు, మిగతావాళ్లంతా పరీక్ష చేయించుకుని టీకా వేయించుకోవాలి.